'ఆపరేటింగ్ సిస్టమ్ నాట్ ఫౌండ్' అంటే ఫైళ్లు పోయినట్టు కాదు

పర్లాకిమిడిలో ఇంటి నుంచే పనిచేస్తూ, లైనక్స్ కంప్యూటర్లు ఆన్ అయ్యేటప్పుడు తెర మీద వచ్చే హెచ్చరికలు రాస్తుంటాను. ఆ సంగతి తెలిసి ఊళ్లోవాళ్లూ, అటు పాతపట్నం వాళ్లూ మొరాయించిన కంప్యూటర్లన్నీ నా దగ్గరికే తెస్తారు. అందరిదీ ఒకటే టెన్షన్.

అపోహ: "ఆపరేటింగ్ సిస్టమ్ నాట్ ఫౌండ్" అని వస్తే అంతా పోయినట్టే, ఫార్మాట్ చేయాల్సిందే.

వాస్తవం: దయచేసి ఆగండి. ఆ మాట చెప్పేది ఫర్మ్‌వేర్, అంటే ఆన్ చేయగానే ముందుగా నడిచే, మదర్‌బోర్డు మీదున్న ప్రోగ్రామ్. మీ ఫొటోల సంగతి దానికి తెలియదు. వెతికిన చోట బూట్‌లోడర్ (విండోస్‌నో లైనక్స్‌నో మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్) కనబడలేదని చెబుతోంది, అంతే. పెన్‌డ్రైవ్ తీయడం మరిచిపోయినా, కేబుల్ వదులైనా, ఏ డిస్క్‌లో ముందు వెతకాలనే వరుస (బూట్ ఆర్డర్) మారినా అదే వాక్యం రావచ్చు. డిస్క్ నిజంగా పాడైనా అదే! ఇన్నిటికీ ఒకే మాట రాసి పెడితే జనం భయపడరా?

కాశీనగర్ నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. "బాబూ, మనవరాలి ఫొటోలన్నీ పోయినట్టేనా?" అన్నప్పుడు ఆయన గొంతు వణికింది. అప్పటికే ఎవరో ఫార్మాట్‌కి రేటు కూడా చెప్పేశారట. విప్పి చూస్తే 3 వోల్టుల సీఆర్ 2032 బటన్ సెల్ అయిపోయింది. దాంతో తేదీ వెనక్కి పోయింది, సెట్టింగులు మొదటికొచ్చాయి, కంప్యూటర్ ఆన్ అయ్యే కొత్త పద్ధతి యూఈఎఫ్ఐ మోడ్ కాస్తా పాత పద్ధతి లెగసీ అయింది. సెల్ మార్చి, మోడ్ సరిచేస్తే విండోస్ ఓపెనైంది. ఫొటోలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

అందుకే ఏమైంది, ఫైళ్ల సంగతేంటి, ఇప్పుడేం చేయాలి అనే మూడూ లేని హెచ్చరికను నేను ఒప్పుకోను. "బూట్‌లోడర్ దొరకలేదు. ఈ ప్రోగ్రామ్ మీ ఫైళ్లను ముట్టుకోలేదు. పెన్‌డ్రైవ్ ఉంటే తీసేసి మళ్లీ ఆన్ చేయండి." ఇంత రాయడానికి చోటు లేదనడం కుదరదు. అక్షరాలు మాత్రమే చూపే పాత టెక్స్ట్ మోడ్‌లో కూడా వరుసకి 80 అక్షరాలు, తెరకి 25 వరుసలు ఉన్నాయి.

అపోహ: 48 అంకెల కీ అడిగితే వైరస్.

వాస్తవం: కాదు, అది బిట్‌లాకర్, అంటే డిస్క్‌కి విండోస్ వేసే తాళం. కీ చాలావరకు మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది.

అపోహ: ఎఫ్1 నొక్కితే పోయే మెసేజ్‌ని పట్టించుకోనక్కర్లేదు.

వాస్తవం: "స్మార్ట్ స్టేటస్ బ్యాడ్, బ్యాకప్ అండ్ రీప్లేస్" అని ఉంటే మాత్రం నిజంగా భయపడండి. తాను పాడవుతున్నానని డిస్కే చెబుతోంది. కింద "ప్రెస్ ఎఫ్1 టు రిజ్యూమ్" అని ఉండబట్టి నెలల తరబడి నొక్కుతూ పోతారు. ఆ మెసేజ్ కనబడిన రోజే ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి, ఆ తర్వాతే రిపేరు మాట.