పరలోకం గురించి సమాధుల దగ్గర వినే మాటలు

సముద్రం ఒడ్డున ఒక చిన్న సంఘానికి పాస్టర్‌ని. భూస్థాపనలు, ఆదరణ కూటాలు నా పనిలో పెద్ద భాగం. పరలోకం గురించి మనవాళ్లు నిజంగా ఏమనుకుంటున్నారో ఆదివారం కన్నా అక్కడే బాగా తెలుస్తుంది.

అపోహ: చనిపోయిన పిల్లలు దేవదూతలవుతారు.

కారు. దూతలు వేరే సృష్టి. మత్తయి 22:30లో యేసు 'దూతలవలె' అన్నది పెళ్లి లేకపోవడం గురించే. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఈ మాట అంటే మాత్రం నేను సరిదిద్దను. అది ఆ రోజు చేసే పని కాదు.

అపోహ: విశ్వాసి ఏడవకూడదు.

ఇది వింటే నాకు కోపం వస్తుంది. "ప్రభువు దగ్గరికే కదా వెళ్లాడు, ఏడుపెందుకమ్మా" అంటూ భర్త శవం ముందే ఆవిడ నోరు మూయించే పెద్దలు ప్రతి ఊళ్లో ఉంటారు. అపొస్తలుడు పౌలు థెస్సలొనీక సంఘం వాళ్లకు రాసింది ఏడవొద్దని కాదు, నిరీక్షణ, అంటే ఆశ, లేనివాళ్లలా ఏడవొద్దని. చనిపోయిన స్నేహితుడు లాజరును ఇంకాసేపట్లో బతికించి లేపబోతున్నానని తెలిసీ యేసు కన్నీళ్లు పెట్టుకున్నాడు.

అపోహ: ఒళ్లు మట్టిలో కలుస్తుంది, ఆత్మ పైకి పోయి ఎప్పటికీ అక్కడే ఉంటుంది.

సగం నిజం. చనిపోతే క్రీస్తుతో ఉంటానని పౌలు ఫిలిప్పీ సంఘానికి రాశాడు. కానీ కథ అక్కడ ఆగదు. ఆరాధనలో కలిసి పలికే విశ్వాస ప్రమాణంలో మనం చెప్పేది 'శరీర పునరుత్థానము' అనే, అంటే చనిపోయిన ఒళ్లు తిరిగి లేవడం. లేచిన యేసు శిష్యుల ముందు కాల్చిన చేప తిన్నాడు (లూకా 24). బైబిల్లో చివరి పుస్తకం ప్రకటన 21లోనైతే మనుషులు పైకి ఎక్కిపోరు, పరిశుద్ధ పట్టణమే కిందికి దిగి వస్తుంది. దేవుడు మనుషుల మధ్య కాపురం పెడతాడు.

అదే అధ్యాయంలో 'సముద్రం ఇక లేదు' అని చదవగానే మా దగ్గర ఒకాయన లేచి, "మరి మా వలలు ఏం చేసుకోవాలి అయ్యగారూ?" అన్నాడు. అందరూ నవ్వారు గానీ మంచి ప్రశ్న. ఆ పుస్తకంలో క్రూరమృగం పైకి వచ్చేది సముద్రంలోంచే. రాసిన యోహాను ఉన్నదేమో పత్మాసు ద్వీపంలో, చుట్టూ నీళ్లు. నేనైతే దాన్ని భయం పోవడంగా చదువుతాను, చేపలు పోవడంగా కాదు.

అపోహ: పరలోకం మీద ఆశ పెట్టుకున్నవాడికి ఈ లోకం పట్టదు.

1 కొరింథీ 15 తెరవండి. 57 వచనాలు పునరుత్థానం గురించి చెప్పి, 58వ వచనంలో పౌలు పని దగ్గరికి వస్తాడు: మీ ప్రయాస వ్యర్థం కాదు.

మా ఊరికి రావాలంటే బకింగ్‌హాం కాలువ దాటాలి. ధాత కరువులో (1876-78) ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ ఆ కాలువలో కొన్ని మైళ్లు తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. కూలి కోసం ఎవరూ మతంలోకి రాకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. మళ్లీ మొదలుపెట్టాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. మన కూటాల్లో ఆ సంఖ్య చెప్పి చప్పట్లు కొట్టిస్తారు. కాలువ సంగతి ఎవరూ ఎత్తరు.