అన్నవాహిక క్యాన్సర్‌కు ప్రొటాన్: అసలు తగువు 145 మంది దగ్గరే

అన్నవాహిక క్యాన్సర్‌కు ప్రొటాన్ థెరపీ (ప్రొటాన్ కణాలతో ఇచ్చే రేడియేషన్) చేయిస్తే బీమా ఇవ్వాలా వద్దా? అమెరికాలో ఈ గొడవ రేగినప్పుడల్లా ఒక అధ్యయనం దగ్గరికే రావాల్సి వస్తుంది. హ్యూస్టన్‌లోని ఎండీ అండర్సన్ సెంటర్ వైద్యులు 2020లో ప్రచురించినది అది. డబ్బు కట్టనంటున్న బీమా కంపెనీలవాళ్లకు అందులో ఒక అంకె చాలు: మూడేళ్లకు బతికున్నవారు మామూలు ఆధునిక రేడియేషన్ (ఐఎంఆర్‌టీ) వర్గంలో 44.5 శాతం, ప్రొటాన్ వర్గంలోనూ 44.5 శాతమే.

అయితే ఆ వైద్యులు ముఖ్యంగా చూసింది ఆయుష్షును కాదు, జబ్బు ముదరకుండా గడిచిన కాలాన్ని, చికిత్స తెచ్చే చిక్కులను. అన్నవాహిక గుండెకు సరిగ్గా వెనక ఉంటుంది, అటూఇటూ ఊపిరితిత్తులు. మామూలు రేడియేషన్‌లో వాడే ఎక్స్-రే కణితిని దాటి అవతలికీ పోతుంది, ప్రొటాన్ మాత్రం అనుకున్న లోతులో ఆగుతుంది. అందుకే న్యుమోనియా, గుండె చుట్టూ నీరు చేరడం, ఆపరేషన్ తర్వాత కుట్టు దగ్గర లీకు వంటి వాటికి తీవ్రతను బట్టి మార్కులేసి కూడారు. మార్కులు ఎక్కువైతే చిక్కులు ఎక్కువన్నమాట. సగటున ఐఎంఆర్‌టీకి 39.9, ప్రొటాన్‌కు 17.4. ఆపరేషన్ తర్వాతి చిక్కులు మాత్రమే చూస్తే 19.1, 2.5. ఆపరేషన్ అయినవారు 51 మందే కాబట్టి ఈ రెండో లెక్కను కాస్త జాగ్రత్తగానే తీసుకోవాలి. కానీ ప్రొటాన్ తీసుకున్నవారిలో 80 శాతానికి పాత పద్ధతిలోనే ఇచ్చారు, సన్నటి కిరణంతో కణితిని చుక్కచుక్కగా కొట్టే ఇప్పటి పెన్సిల్ బీమ్‌తో కాదు. ఈ సంగతి కట్టనంటున్నవాళ్లు చెప్పరు.

ఇంకోటీ చెప్పరు. 2012లో మొదలైన ఈ ట్రయల్‌లో లాటరీ పద్ధతిన 145 మందిని విడదీస్తే 73 మంది ప్రొటాన్ వైపు వచ్చారు. చివరికి లెక్కలోకి వచ్చింది 46 మందే. ఐఎంఆర్‌టీ వైపు 72లో 61 మంది మిగిలారు. ప్రొటాన్ వైపు అంతమంది తగ్గడానికి ప్రధాన కారణం బీమా నిరాకరణ. రుజువు లేదని డబ్బు కట్టరు, డబ్బు కట్టనిదే రుజువు రాదు. పెళ్లి కుదిరితేగానీ పిచ్చి కుదరదన్న సామెత ఇలాంటి చోటే పుట్టి ఉంటుంది.

2019లో ఎన్‌ఆర్‌జీ-జీఐ006 అనే పెద్ద ట్రయల్ మొదలవడంతో హ్యూస్టన్‌ది ముందే ముగించారు. కొత్తదానిలో ఆయుష్షు, గుండె-ఊపిరితిత్తుల చిక్కులు రెండూ ప్రధాన కొలతలే. యూరప్‌లోనూ ప్రొటెక్ట్ పేరుతో ఇలాంటి ట్రయల్ ఉంది.

2019లోనే చెన్నైలో అపోలో ప్రొటాన్ సెంటర్ తెరుచుకుంది. మనవాళ్లకు దగ్గర అదే. ఖర్చు లక్షల్లో కాబట్టి బీమా కాగితాల టెన్షన్ అక్కడికి వెళ్లేవారికీ తప్పదు.