తెరపై ఉన్న ప్రతి అంకె ఎవరో లెక్కించినది కాదు: మానవ భూగోళ బోధనలో అపోహలు - వాస్తవాలు

సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుల శిక్షణ తరగతులకు వెళ్ళినప్పుడల్లా నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "పుస్తకంలో భారతదేశ జనాభా 121 కోట్లని ఉంది, ప్రపంచ బ్యాంకు వెబ్‌సైట్‌లో 145 కోట్లని ఉంది, పిల్లలకు ఏది చెప్పమంటారు మేడమ్?" అడిగేవారి గొంతులో నిజమైన ఆందోళన ఉంటుంది. విద్యార్థి ఎవరైనా ఫోన్ చూసి లేచి "మీరు చెప్పింది తప్పు" అంటే ఏం చేయాలో తెలియక, ఆన్‌లైన్ వనరుల జోలికే వెళ్ళడం మానేసిన మంచి ఉపాధ్యాయులను నేను ఎరుగుదును. పోటీ పరీక్షలకు చదివేవారి పరిస్థితి ఇంకా కష్టం. అందుకే ఈ ఒక్క అపోహ గురించి వివరంగా రాస్తున్నాను.

అపోహ: వెబ్‌సైట్‌లో కనిపించే జనాభా అంకె తాజాగా లెక్కించినది.

వాస్తవం: మన దేశంలో ఇంటింటికీ తిరిగి మనుషులను లెక్కించింది చివరిసారిగా 2011లో. 2021లో జరగవలసిన జనగణన కోవిడ్ వల్ల వాయిదా పడింది. కాబట్టి ఆ తరువాతి సంవత్సరాలకు ఏ సంస్థ ఏ అంకె చూపినా, అది పాత జనగణనలను పునాదిగా తీసుకుని, జననాలు, మరణాలు, వలసల గురించి సర్వేలు, నమోదు వివరాలు తెలిపిన రేట్లను వాటికి జోడించుకుంటూ వేసిన అంచనా మాత్రమే. ప్రపంచ దేశాలన్నింటికీ ఈ పనిని ఐక్యరాజ్యసమితి జనాభా విభాగం చేస్తుంది. ప్రపంచ బ్యాంకు, అవర్ వరల్డ్ ఇన్ డేటా, గ్యాప్‌మైండర్ వంటి వెబ్‌సైట్లు చాలావరకు ఆ అంచనాలనే తీసుకుంటాయి. మూడు చోట్లా ఒకే అంకె కనిపించిందంటే మూడు సంస్థలు విడివిడిగా నిర్ధారించాయని అర్థం కాదు, మూడూ ఒకే చోటి నుంచి తెచ్చుకున్నాయని అర్థం.

సెకను సెకనుకూ పెరిగే జనాభా గడియారాలు కూడా అంతే. వాటి వెనుక పుట్టిన బిడ్డను నమోదు చేసేవారెవరూ లేరు, సగటు రేటును సెకన్లలోకి భాగించిన లెక్క మాత్రమే ఉంది. ప్రపంచ జనాభా 800 కోట్లకు చేరిన రోజుగా 2022 నవంబరు 15ను ప్రకటించినది కూడా అంచనాల ఆధారంగానే.

ప్రొజెక్షన్ల విషయంలో, అంటే రాబోయే ఏళ్ళకు ముందుగా వేసే లెక్కల విషయంలో, లెక్కించిన అంకెకూ వేసిన అంకెకూ ఉన్న ఈ తేడా మరింత ముఖ్యం. 2100 నాటికి ప్రపంచ జనాభా 1,120 కోట్లు ఉంటుందని ఐక్యరాజ్యసమితి 2017లో చెప్పింది. అదే సంస్థ 2019లో దాన్ని 1,090 కోట్లకు తగ్గించింది. 2024 నివేదిక ప్రకారం జనాభా 2080ల మధ్యలో సుమారు 1,030 కోట్ల వద్ద శిఖరానికి చేరి, శతాబ్దాంతానికి కొంచెం తగ్గుతుంది. ఇది చూసి "వాళ్ళకే తెలియదు, అంతా కట్టుకథ" అని వాట్సాప్‌లో తిప్పేవారితో నాకు ఓపిక ఉండదు. సంతానోత్పత్తి రేట్లు (ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య) అనుకున్నదానికంటే వేగంగా పడిపోయాయి, కొత్త వివరాలు వచ్చినకొద్దీ లెక్క మారింది, నిజాయతీగా చేసే లెక్క మారాలి కూడా. విద్యార్థులకు చూపవలసింది ఆ మార్పునే. చార్టులో గీత ఎక్కడి వరకు అంచనా, ఎక్కడి నుంచి ప్రొజెక్షన్ అనేది మొదట అడగండి.

ఏడాది ఒకటే అయినా అంకెలు రెండు ఉండవచ్చు, రెండూ సరైనవే కావచ్చు. 2011లో ఆంధ్రప్రదేశ్ జనాభా ఒకచోట సుమారు 8.46 కోట్లు, మరోచోట 4.95 కోట్లు అని కనిపిస్తే, మొదటిది ఉమ్మడి రాష్ట్రానిది, రెండోది 2014 విభజన తరువాతి సరిహద్దుల ప్రకారం తిరిగి కూడినది. తెలంగాణలో జిల్లాలు పది నుంచి ముప్పైమూడు అయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో పదమూడు నుంచి ఇరవై ఆరు అయ్యాయి. పాత జిల్లా పటంపై కొత్త జిల్లా గణాంకాలు అతికించిన పటాలు ఎన్నో చలామణిలో ఉన్నాయి. పట్టణం అనే మాటకూ ఇదే సమస్య. స్థానిక సంస్థ లేకపోయినా ఒక ఊరిని జనగణన పట్టణంగా గుర్తించాలంటే కనీసం 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు కనీసం 400 జనసాంద్రత, ప్రధాన పురుష శ్రామికుల్లో కనీసం 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉండాలి. ఈ లెక్కన 2011లో దేశంలో పట్టణ జనాభా 31 శాతం. ఉపగ్రహ చిత్రాల సాయంతో జనసాంద్రతను బట్టి పట్టణాలను గుర్తించే ఐరోపా కమిషన్ దత్తాంశంలో మన పట్టణ జనాభా వాటా దీనికంటే చాలా ఎక్కువగా వస్తుంది. అక్కడ ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, అడిగిన ప్రశ్నే వేరు.

వలసల పాఠం చెబుతున్నప్పుడు ఇది నాకు బాగా తట్టింది. తెరపై జనగణన వలస పట్టికను చూపిస్తూ, వలస వెళ్ళినవారిలో అత్యధికులు స్త్రీలనీ, ప్రధాన కారణం పెళ్ళి అనీ చెప్పాను. పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి లేచి, "మా నాన్న ఏటా గుంపు మేస్త్రీ వెంట ముంబయి పోతాడు, ఈ పట్టికలో ఎక్కడున్నాడు?" అని అడిగింది. ఎంతో మంచి ప్రశ్న అది. వానాకాలం పంట ఇంటికి చేరాక వెళ్ళి తొలకరికి తిరిగివచ్చే మనిషిని విడిగా పట్టుకోవడానికి ఆ పట్టిక తయారు కాలేదు. అది మనిషి గత నివాసాన్ని అడుగుతుంది. 2007-08 జాతీయ నమూనా సర్వే మాత్రం, అంతకుముందు ఏడాదిలో పని కోసం నెల నుంచి ఆరు నెలల లోపు ఇల్లు విడిచి ఉన్నవారిని ప్రత్యేకంగా అడిగింది. ఆ రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టిన రోజున తరగతికి వలస అంటే ఏమిటో నా ఉపన్యాసం కంటే బాగా అర్థమైంది.

మిగిలిన అపోహలకు తక్కువ మాటలు చాలు.

గూగుల్ ఎర్త్‌లో కనిపించేది ఈరోజు దృశ్యమన్న అపోహ ఉంది. అది వేర్వేరు తేదీల చిత్రాల కూర్పు, కొన్ని ఏళ్ళ నాటివి. మార్పును చూపాలంటే అందులోనే 1984 నుంచి ఏటేటి చిత్రాలను వరుసగా చూపే టైమ్‌లాప్స్‌లో కొల్లేరును తెరవండి. చేపల చెరువులు సరస్సును కమ్ముకున్న తీరు కనిపిస్తుంది. ఎందుకు కమ్ముకున్నాయో ఉపగ్రహం చెప్పదు, అది మీరు చెప్పాలి.

మన జనాభా అదుపు లేకుండా పెరుగుతోందన్న వదంతిని దయచేసి తరగతిలోకి రానీయకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సంతానోత్పత్తి రేటు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. రెండూ భర్తీ స్థాయి, అంటే ఒక తరం స్థానాన్ని తరువాతి తరం సరిగ్గా నింపే స్థాయి, అయిన 2.1 కంటే తక్కువే.

వేగమైన ఇంటర్నెట్, కంప్యూటర్ గది లేనిదే ఇవేవీ సాధ్యం కావన్నది కూడా సరికాదు. అవర్ వరల్డ్ ఇన్ డేటా చార్టులను మూలం పేర్కొని ఉచితంగా వాడుకోవచ్చు. ఇంటి దగ్గర దింపుకుని, అచ్చు తీసి గోడకు అంటించినా పాఠం నడుస్తుంది.

కొత్త జనగణన 2027 మార్చి 1ని ప్రమాణ తేదీగా, అంటే జనాభా ఏ రోజు నాటిదో చెప్పే తేదీగా, పెట్టుకుని జరుగుతుంది. ఫలితాలు వెలువడినప్పుడు అంచనాలకూ లెక్కకూ మధ్య ఎంతో కొంత తేడా ఉంటుంది. మీ జిల్లా, మీ రాష్ట్రం, మన దేశానికి ఇప్పుడు వెబ్‌సైట్లలో ఉన్న అంకెలను మూలంతో, దింపుకున్న తేదీతో సహా ఒక నోటుపుస్తకంలో రాయించి పెట్టండి. ఇప్పటి ఎనిమిదో తరగతి పిల్లలు పై తరగతులకు వెళ్ళాక వాటిని అసలు లెక్కతో వారే పోల్చుకుంటారు.