చేయగలనన్న నమ్మకాన్ని కొలవడం

ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది జారీ చేస్తారు. భద్రాచలంలో అవే హెచ్చరికలు 43, 48, 53 అడుగుల దగ్గర ఉంటాయి. వరద రోజుల్లో "గోదావరి 50 అడుగులు దాటింది" అంటూ ఊరి పేరు లేని వాట్సాప్ సందేశం కోనసీమ లంకల్లోని ఒక విద్యార్థిని ఫోనుకు వచ్చిందనుకుందాం. ఆ కొలత ఎక్కడిది, ఏ రోజుది, ఎవరు చెప్పింది అని విచారించి తేల్చుకోగలగడమే సమాచార అక్షరాస్యత. ఆ పని తనకు చేతనవునన్న నమ్మకం ఆమెకు ఎంత ఉందో కొలవడం వేరే విద్య.

ఈ నమ్మకాన్ని మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో సిద్ధాంతీకరించారు. నమ్మకమున్నవారు పనికి పూనుకుంటారు, ఆటంకం ఎదురైనా పట్టు విడవరు. లేనివారు నైపుణ్యం ఉన్నా వెనకాడతారు. దీన్ని సమాచార అక్షరాస్యతకు అన్వయిస్తూ టర్కీ పరిశోధకులు 2006లో 28 వాక్యాల ప్రశ్నావళిని ప్రచురించారు. ప్రతి వాక్యానికీ ఏడు అంచెల మీద జవాబివ్వాలి.

ఇటువంటి వాక్యాల కూర్పులోనే అసలు కష్టమంతా ఉంది. "సరిచూస్తాను" అన్నది ఉద్దేశం, "సరిచూడగలను" అన్నది సామర్థ్యం, కొలవవలసింది రెండోదాన్నే. "సమాచారం వెతికి, సరిచూడగలను" అని రాస్తే వెతకడం వచ్చి సరిచూడడం రానివారు ఏ అంకె మీద గుర్తు పెట్టాలి? తెలుగులోకి తెచ్చుకునేటప్పుడు ప్రతి క్రియాపదాన్నీ ఇలా పట్టి చూసుకోవలసిందేనని నా గట్టి అభిప్రాయం.

ఎంత జాగ్రత్తగా రాసినా, నమ్మకం నైపుణ్యానికి సాక్ష్యం కాదు. 1999లో మనస్తత్వ శాస్త్రవేత్తలు డన్నింగ్, క్రూగర్ జరిపిన తర్కం, వ్యాకరణం వంటి పరీక్షల్లో అట్టడుగు నాలుగో వంతులో నిలిచినవారు తమను సగటుకన్నా పైనే ఊహించుకున్నారు. అందుకే ప్రశ్నావళితో పాటు ఆ వరద సందేశం వంటిదొకటి చేతికిచ్చి తేల్చమని, జవాబు పక్కనే దాని మీద నమ్మకం నూటికి ఎంతో రాయమని అడగాలి. ఎనభై అని రాసిన జవాబుల్లో నూటికి ఎనభై సరైనవైతే ఆ నమ్మకం నైపుణ్యానికి సరితూగినట్టు.

శిక్షణ తరువాత ఈ అంకె తగ్గడమూ ఉంటుంది. మొదట తొంభై వేసుకున్న ఆ విద్యార్థిని, ఒకే నదికి రెండు ఊళ్లలో రెండు కొలతలుంటాయని తెలిశాక డెబ్బై వేసి, ఈసారి ఊరి పేరు అడుగుతుంది.