హైబ్రిడ్ కారు: భయం ఒక చోట, జాగ్రత్త పడాల్సింది మరో చోట

పెట్రోలు ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారు కూడా ఉండేది హైబ్రిడ్ కారు. విజయవాడలో ఆ కార్ల సర్వీసింగ్ నా పని. 2022లో హోండా సిటీ హైబ్రిడ్, టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా, ఏడాది చివర్లో టయోటా ఇన్నోవా హైక్రాస్ వచ్చాక మన రోడ్ల మీద ఈ బండ్లు బాగా పెరిగాయి. కొన్నవాళ్లూ, కొనాలనుకునేవాళ్లూ మొదట అడిగేది ఒకటే: "బ్యాటరీ పోతే ఎంతవుద్దండీ?" నిజానికి మోటారుని నడిపే పెద్ద బ్యాటరీ చెడిపోయి మా దగ్గరికి వచ్చే బండ్లు చాలా తక్కువ. దుమ్ముతో మూసుకుపోయిన ఫిల్టరు, చచ్చిపోయిన చిన్న బ్యాటరీ, ఏసీలో పోసిన తప్పు ఆయిల్, ఎలుక కొరికిన వైరు, ఇలాంటివాటితో వచ్చేవే ఎక్కువ. ఇవన్నీ ముందే ఆపగలిగినవి. అందుకే రాస్తున్నాను.

అపోహ: వెనక హైబ్రిడ్ అని రాసి ఉంటే అది హైబ్రిడ్ కారే

కాదు. ఎర్టిగా, సియాజ్ లాంటి బండ్ల మీద 'స్మార్ట్ హైబ్రిడ్' అని ఉండేది. వాటిలో ఆల్టర్నేటర్ (మామూలు బండిలో బ్యాటరీని చార్జ్ చేసే డైనమో) ఉండే చోట బెల్టుతో తిరిగే చిన్న మోటారు ఉంటుంది. అది ఇంజిన్‌కి కాస్త చేయూతనిస్తుంది, సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజిన్‌ని మళ్లీ లేపుతుంది. అంతకు మించి బండిని ఒంటరిగా లాగలేదు. వీటిని మైల్డ్ హైబ్రిడ్ అంటారు. బండి ఇంజిన్ లేకుండా చప్పుడు చేయకుండా కదులుతుంటే, సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగినా ఏసీ అంతే చల్లగా వస్తుంటే అది స్ట్రాంగ్ హైబ్రిడ్. కింద రాసేదంతా ఆ రెండో రకం గురించే.

అపోహ: రాత్రిళ్లు చార్జింగ్ పెట్టాలి

అక్కర్లేదు. పైన చెప్పిన బండ్లకి ప్లగ్గే ఉండదు. ఇంజిన్ నుంచి, బ్రేకు వేసినప్పుడు చక్రాల నుంచి బ్యాటరీ తనంతట తనే నిండుతుంది.

అపోహ: ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ లాగా నాలుగైదేళ్లకి పెద్ద బ్యాటరీ పోతుంది

అందరినీ వణికించేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ఇన్వర్టర్ బ్యాటరీ కరెంటు పోయినప్పుడల్లా అడుగంటా ఖాళీ అవుతుంది, తర్వాత నిండుగా ఎక్కుతుంది. అరిగిపోయేది అలాగే. హైబ్రిడ్ బ్యాటరీని కంప్యూటరు పూర్తిగా ఖాళీ కానివ్వదు, పూర్తిగా నిండనివ్వదు. సుమారు 40 నుంచి 80 శాతం మధ్యలోనే ఆడిస్తుంది. పైగా ఇది ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ అంత పెద్దదేమీ కాదు. హైరైడర్‌లో ఉన్నది 177.6 వోల్టుల లిథియం బ్యాటరీ, పట్టేది 0.76 యూనిట్ల కరెంటు. అంటే కరెంటు బిల్లులో ఒక్క యూనిట్ కూడా లేదు. హైక్రాస్‌లో ఉన్నది 168 సెల్స్ ఉన్న నికెల్ రకం. టయోటా, మారుతి, హోండా మూడూ వీటికి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. "అమెరికాలో మా బావమరిది టయోటా ప్రియస్ హైబ్రిడ్‌కి బ్యాటరీ మార్పించాడంట" అని చాలామంది అంటారు. నిజమే అయ్యుండొచ్చు. ఆ బండి వయసెంత, ఎన్ని మైళ్లు తిరిగిందో కూడా ఆయన్నే అడగండి.

ఈ బ్యాటరీకి అసలు శత్రువు వేడి. చాలా మోడళ్లలో దాన్ని చల్లబరిచేది కారు లోపలి గాలే. మీరు వేసుకున్న ఏసీ గాలిని ఒక చిన్న ఫ్యాను సీటు కిందనో పక్కనో ఉన్న జల్లెడలాంటి రంధ్రం నుంచి లాగి బ్యాటరీ మీదకి పంపుతుంది. మీ బండిలో అది ఎక్కడుందో మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది, ఈ రోజే చూసుకోండి. ఆ రంధ్రం మూసేసే సీటు కవర్లు కుట్టించినవాళ్లున్నారు. పండక్కి ఊరెళుతూ బియ్యం బస్తాని దానికి ఆనించి పెట్టినవాళ్లున్నారు. ఇంట్లో కుక్క ఉంటే వెంట్రుకలన్నీ అక్కడికే చేరతాయి. గాలి అందకపోతే ఫ్యాను గట్టిగా తిరుగుతుంది. వెనక నుంచి బుస్సుమని శబ్దం ఎక్కువగా వస్తోందంటే అదే మొదటి గుర్తు. ఎండలో నిలబెట్టిన బండి ఎక్కగానే కాసేపు ఆ శబ్దం రావడం మామూలే. సాయంత్రం చల్లబడ్డాక కూడా వస్తుంటే చూపించండి.

ప్రతి సర్వీసులో ఆ రంధ్రం దగ్గరుండే ఫిల్టరు తీసి శుభ్రం చేశారా అని నోరు తెరిచి అడగండి. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల, క్వారీల దగ్గర, సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర తిరిగే బండ్లకి ఇంకా ముందే చేయించాలి. నీళ్లతో కాదు, వ్యాక్యూమ్‌తో. రెంటచింతల, రామగుండం ఎండల్లో బండిని నీడన పెట్టడం, ఎక్కగానే అద్దాలు దించి వేడి బయటికి పోయాక ఏసీ వేయడం, ఇవి మీకెంత హాయో బ్యాటరీకీ అంతే మేలు.

అపోహ: బండి లేవడం లేదంటే పెద్ద బ్యాటరీ పోయినట్టే

దాదాపు ఎప్పుడూ పోయేది చిన్నదే. ప్రతి హైబ్రిడ్‌లోనూ మామూలు 12 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటుంది. ఇంజిన్‌ని తిప్పడం దాని పని కాదు, ఆ పని పెద్ద బ్యాటరీది. కంప్యూటర్లని లేపి, పెద్ద బ్యాటరీని సర్క్యూట్‌లోకి కలిపే స్విచ్చిని ఆన్ చేయడం చిన్నదాని పని. అది చచ్చిపోతే పెద్దది నిండుగా ఉన్నా బండి నడవడానికి సిద్ధమని చెప్పే 'రెడీ' లైటు వెలగదు.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి ఆరు నెలలకి తిరిగొచ్చే పెద్దవాళ్ల బండ్లలో మేం తరచూ చూసేది ఇదే. కొన్ని వారాలే అయితే వారానికోసారి ఎవరితోనైనా బండి తీయించి అరగంట తిప్పించండి. ఊరికే బటన్ నొక్కి పాటలు పెట్టుకుంటే బ్యాటరీ ఇంకా దిగుతుంది. 'రెడీ' లైటు వెలగాలి. నెలల తరబడి వెళుతూ, వారం వారం తిప్పేవాళ్లు లేకపోతే చిన్న బ్యాటరీ నెగెటివ్ తీగ ఊడదీయించి వెళ్లండి. అయితే రెండు మూడు నెలలకి ఒకసారైనా తీగ కలిపి అరగంటో, 16 కిలోమీటర్లో నడిపించే మనిషిని చూసుకోవాలి. ఎందుకంటే పెద్ద బ్యాటరీ కూడా ఊరికే ఉంటే నెమ్మదిగా దిగుతుంది. అది పూర్తిగా దిగితే పక్క బండి నుంచి తీగలు కలిపినా లాభం లేదు, టయోటా రకం హైబ్రిడ్లలో వేరే స్టార్టర్ మోటారే ఉండదు. ఇంకోటి, స్మార్ట్ తాళాన్ని కారు దగ్గర్లో వేలాడదీయకండి. బండి, తాళం ఒకదాన్నొకటి వెతుక్కుంటూ చిన్న బ్యాటరీని తినేస్తాయి.

తీగలు కలిపేటప్పుడు ప్లస్, మైనస్ తారుమారైతే పోయేది ఫ్యూజొక్కటే కాదు, ఖరీదైన భాగాలకీ దెబ్బ తగలొచ్చు. మీ హైబ్రిడ్ నుంచి పక్కవాళ్ల డీజిల్ బండికి కరెంటు ఇవ్వొద్దు. ఆ చిన్న బ్యాటరీ అంత బరువు మోయడానికి చేసింది కాదు.

అపోహ: సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో పెడితే మంచిది

మామూలు గేరు బండి నడిపి వచ్చినవాళ్లకి చెయ్యి దానంతట అదే అటు పోతుంది. హైబ్రిడ్ న్యూట్రల్‌లో ఉన్నంతసేపూ బ్యాటరీకి చార్జింగ్ ఎక్కదు, ఇంజిన్ తిరుగుతున్నా సరే. పైగా ఏసీ ఆ కరెంటు తాగుతూనే ఉంటుంది. బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో గేరు డి (డ్రైవ్) లోనే ఉంచి బ్రేకు తొక్కి పట్టుకోండి. ఎక్కువసేపు ఆగాల్సి వస్తే పి (పార్కింగ్) లో పెట్టండి.

అపోహ: ఏసీ గ్యాస్ ఎక్కడ నింపించినా ఒకటే

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇది, ఎందుకంటే తప్పు యజమానిది కాదు. మామూలు కారులో ఏసీ కంప్రెసర్ ఇంజిన్ బెల్టుతో తిరుగుతుంది. హైబ్రిడ్‌లో పెద్ద బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు తీసుకుని తిరుగుతుంది. దాని మోటారు తీగ చుట్లు గ్యాసులోనూ ఆయిల్‌లోనూ తడుస్తూ ఉంటాయి. అందుకే కరెంటుని తనగుండా పోనివ్వని పీఓఈ రకం ఆయిల్ వాడతారు. బెల్టు కంప్రెసర్లలో పోసే పాగ్ ఆయిల్ దానిలో కలిస్తే కరెంటు బయటికి పోకుండా ఆపే ఇన్సులేషన్ దెబ్బతింటుంది. ఏసీ చల్లగానే ఉంటుంది, కొన్నాళ్లకి హైబ్రిడ్ సిస్టం హెచ్చరిక వెలుగుతుంది. స్కానర్ పెడితే పీ0ఏఏ6 అనే కోడ్ వస్తుంది. కరెంటు ఎక్కడో బాడీలోకి లీకవుతోందని దాని అర్థం. ఏసీ గ్యాసుకి వెళ్లినవాళ్లు కంప్రెసర్ మార్పించుకోవాల్సి వస్తుంది.

ముందటి బండికి వాడిన మిషన్ గొట్టాల్లో మిగిలిన పాత ఆయిల్ కొంచెం కలిసినా ప్రమాదమే. గ్యాసు నింపే ముందు "హైబ్రిడ్‌కి వేరే మిషన్ ఉందా, ఏ ఆయిల్ పోస్తారు" అని అడగండి. తడబడితే బండి తిప్పుకుని వచ్చేయండి.

ఎలుకల పనీ ఇదే కోడ్‌లో బయటపడుతుంది. నారింజ రంగు తీగలు పెద్ద కరెంటువి, వాటి పైతొడుగు కొరికినా బండి మొరాయిస్తుంది. సెల్లారులో పెట్టేవాళ్లు వారానికోసారి బానెట్ ఎత్తి చూడండి. ఆకులు, గింజల తొక్కలు కనిపిస్తే ఎలుక కాపురం పెట్టినట్టే. నారింజ తీగల మీద చెయ్యి మాత్రం వేయొద్దు. సాదా మెకానిక్‌ని కూడా వేయనివ్వొద్దు.

అపోహ: బ్రేకులు అరగవు కాబట్టి చూడక్కర్లేదు

బ్రేకు ప్యాడ్లు ఎక్కువ కాలం రావడం నిజం. మామూలుగా వేగం తగ్గించే పనిలో చాలా భాగం మోటారే చేస్తుంది. అయితే వాడని బ్రేకు తుప్పు పడుతుంది. కాకినాడ, విశాఖ ఉప్పుగాలిలో తిరిగే బండ్లలో ప్యాడ్లని నొక్కే క్యాలిపర్ పిన్నులు బిగుసుకుపోయి ఒక వైపు ప్యాడే అరిగిపోవడం చూస్తుంటాం. వాటిని తీసి శుభ్రం చేసి గ్రీజు పెట్టించాలి. బ్రేకు ఆయిల్ 2 ఏళ్లకో, 40,000 కిలోమీటర్లకో, ఏది ముందైతే అప్పుడు మార్పించాలి.

ఘాట్ రోడ్డు దిగేటప్పుడు మరో సంగతి ఉంది. తిరుమల నుంచి తిరుపతికి సుమారు 700 మీటర్ల దిగుడు. మనుషులతో కలిపి 1600 కిలోల బండి అంత ఎత్తు దిగితే వచ్చే శక్తి సుమారు 3 యూనిట్లు. గాలికీ రోడ్డుకీ పోయేది పోయినా, ముక్కాలు యూనిట్ పట్టే బ్యాటరీకి అది చాలా ఎక్కువ. సగం దారిలోనే నిండిపోతుంది. అక్కడి నుంచి మోటారు పట్టు తగ్గి భారమంతా ప్యాడ్ల మీద పడుతుంది. అందుకే కొండ దిగడం మొదలుపెట్టగానే గేరు బి (ఇంజిన్ బ్రేకు) లో వేయండి. బ్యాటరీ నిండాక ఆ శక్తిని పెట్రోలు కాల్చకుండా ఇంజిన్‌ని తిప్పడానికి వాడేస్తుంది. ఇంజిన్ హోరుమంటుంది, కంగారు పడొద్దు, అదే మిమ్మల్ని పట్టి ఉంచేది. కిందికి వచ్చాక డి లోకి మార్చండి, రోడ్డు మీద బి లోనే నడిపితే మైలేజీ పోతుంది.

అపోహ: మన ఎండలకి చిక్కటి ఇంజిన్ ఆయిలే పోయాలి

హైబ్రిడ్ ఇంజిన్ నిమిషానికోసారి ఆగి లేస్తుంది, చాలాసార్లు పూర్తిగా వేడెక్కకుండానే. లేచిన వెంటనే ఆయిల్ పైకి చేరాలంటే పలచగా ఉండాలి. హైరైడర్‌లాంటి వాటికి 0డబ్ల్యూ-16 అనే పలచటి ఆయిల్ చెప్పింది అందుకే. మాన్యువల్‌లో ఏది రాస్తే అది.

అపోహ: కంపెనీ చెప్పిన మైలేజీ రావడం లేదంటే బండిలో లోపం

హైరైడర్‌కి బండ్లని పరీక్షించే సంస్థ ఏఆర్ఏఐ చెప్పిన లెక్క లీటరుకి 27.97 కిలోమీటర్లు. మా కస్టమర్లలో ఊళ్లో తిరిగేవాళ్లు 20 నుంచి 24 మధ్య చెబుతుంటారు, అది ఆరోగ్యమైన బండే. ఈ బండ్లు ఆగి కదిలే ట్రాఫిక్‌లో బాగా ఇస్తాయి, హైవే మీద 110, 120లో తోలితే మోటారుకి అవకాశం తక్కువ కాబట్టి దిగిపోతుంది. పిల్లల్ని బడి దగ్గర దించి రెండు కిలోమీటర్లలో ఇంటికి వచ్చేస్తే ఇంజిన్ తనను తాను వేడెక్కించుకోవడానికే పెట్రోలు పోతుంది. ముందు టైర్లలో గాలి చూడండి.

అపోహ: వానలో షాక్ కొడుతుంది

కొట్టదు. పెద్ద కరెంటు తీగలు రెండూ బాడీకి తగలకుండా వేరుగా ఉంటాయి, ఎక్కడ లీకైనా కంప్యూటరు పసిగడుతుంది, గుద్దుకుని ఎయిర్ బ్యాగు తెరుచుకుంటే కరెంటు తెగిపోతుంది. అసలు ముప్పు వేరే ఉంది. మోటారు మీద వెళుతున్నాం కదా అని నీళ్లలోకి దింపితే మధ్యలో ఇంజిన్ దానంతట అదే లేచి నీళ్లు పీల్చుకుంటుంది. అంతటితో ఇంజిన్ అయిపోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు నీళ్లు తీశాక చాలామంది మొదట చేసింది స్టార్ట్ బటన్ నొక్కడం. మునిగిన హైబ్రిడ్‌ని నొక్కొద్దు, తాకొద్దు. ఫోన్ చేసి, చక్రాలు నేలకి ఆనకుండా లారీ మీద ఎక్కించి పంపండి.

అపోహ: చప్పుడు లేదంటే బండి ఆగిపోయినట్టే

దయచేసి ఇది ఇంట్లో అందరికీ చెప్పండి. 'రెడీ' లైటు వెలుగుతుంటే బండి నడుస్తున్నట్టే. గేరు డి లో ఉండగా దిగి గేటు తీయడానికి వెళితే లోపలున్న పిల్లవాడు యాక్సిలరేటర్ తాకితే చాలు, బండి దూసుకుపోతుంది. ఏసీ వేసుకుని మూసిన గ్యారేజీలో నిద్రపోకండి. బ్యాటరీ దిగగానే ఇంజిన్ లేస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ పొగకి వాసన ఉండదు. బండి దిగే ముందు పి లో పెట్టి, బటన్ నొక్కి, లైటు ఆరిందని చూసి దిగాలి.

అపోహ: సెకండ్ హ్యాండ్ హైబ్రిడ్ జోలికి పోకూడదు

పోవచ్చు, నాలుగు పనులు చేసి. కంపెనీ సర్వీస్ సెంటర్లో హైబ్రిడ్ బ్యాటరీ చెకప్ చేయించి రిపోర్టు చేతిలో పెట్టుకోండి. సర్వీసు పుస్తకంలో బ్యాటరీ ఫిల్టరు, ఇన్వర్టర్ (బ్యాటరీ కరెంటుని మోటారుకి తగినట్టు మార్చే పెట్టె) కూలెంట్, బ్రేకు ఆయిల్ ఎప్పుడు చూశారో వెతకండి. కార్పెట్ల కింద బురద మరకలు, సీటు బోల్టుల మీద తుప్పు ఉంటే ఆ బండి వరద చూసింది, ఎంత తక్కువకి ఇచ్చినా వద్దనండి. చివరగా, బ్యాటరీ వారంటీ కొత్త యజమానికి మారుతుందా, ఇంకెన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు మిగిలి ఉందో కాగితం మీద రాయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.