తలకిందులుగా వేలాడే వాల్వులు

పాత రేడియో వెనక అట్ట ఊడదీసి చూసినవాళ్లకి వాల్వు కొత్త కాదు. గాజు బుడ్డి, లోపల ఎర్రగా కాలే తీగ, అడుగున పిన్నులు. సన్నటి సిగ్నల్‌ని పెద్దది చేయడం దాని పని. అమెరికావాళ్లు ట్యూబ్ అంటారు, మన రేడియో షాపులవాళ్లు ఇంగ్లండు అలవాటు ప్రకారం వాల్వు అనేవాళ్లు. బెంగళూరు బీఈఎల్‌లో 1961 నుంచి ఇవి తయారయ్యాయి కూడా. రేడియో ఇంట్లో ఓ మూల బల్ల మీద కదలకుండా కూర్చునేది కాబట్టి వాల్వు జారిపోతుందన్న బెంగ ఎవరికీ ఉండేది కాదు.

గిటారు శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయర్ బతుకు అలా కాదు. వాల్వులున్న పెట్టెలోనే 12 అంగుళాల స్పీకరు మోగుతూ ఉంటుంది. కచేరీ అయ్యాక డిక్కీలో పడేస్తే దారిలో గతుకులన్నీ దానివే. పైగా కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో పుట్టిన ఫెండర్ కంపెనీవి ట్విన్ రివర్బ్, డీలక్స్ రివర్బ్ లాంటి పెట్టెల్లో ఛాసిస్, అంటే భాగాలన్నీ బిగించే లోహపు చట్రం, పైకప్పుకి బిగించి ఉంటుంది. వాల్వులు దానికింద గబ్బిలాల్లా తలకిందులుగా వేలాడతాయి. మీటలు చేతికందే ఎత్తులో ఉంటాయి, వెనకనుంచి చెయ్యిపెట్టి వాల్వు మార్చుకోవచ్చు. బాగానే ఉంది. కానీ వేడిగాలి పైకే కదా పోయేది, సాకెట్లనీ వాటి వెనకున్న, చార్జి దాచుకునే కెపాసిటర్లనీ రోజూ కాల్చేది అదే. ఈ ఒక్క విషయంలో నాకు ఇంకో ఆంప్ కంపెనీ మార్షల్ పద్ధతే నచ్చుతుంది. స్పీకర్లు వేరే పెట్టెలో ఉంటాయి, పైన హెడ్ అనే విడి పెట్టెలో వాల్వులు నిటారుగా నిలబడతాయి.

వేలాడుతోంది కాబట్టి బరువుకే జారుతుందనుకుంటాం. స్పీకరుని మోగించే పవర్ వాల్వు బరువు ఓ కోడిగుడ్డు కంటే పెద్ద ఎక్కువేం ఉండదు. కొత్త సాకెట్టయితే దాన్ని ఊడబెరకడానికే చెయ్యి నొప్పెడుతుంది. జార్చేది వేడీ అదురూ కలిసి. గాజు 200 డిగ్రీలు దాటి కాలుతుంది, స్విచ్ ఆపేస్తే చల్లారుతుంది. ఆ ప్రతిసారీ పిన్నూ, దాన్ని పట్టుకున్న రేకూ సాగి ముడుచుకుంటాయి. ఆ పైన గిటారు లావు తీగ మీటితే చాలు, సెకనుకి 82 సార్లు పెట్టంతా అదురుతుంది. వాల్వు వెంట్రుక వాసి చొప్పున బయటికొస్తుంది.

అందుకే క్లిప్పులు. 6ఎల్6 లాంటి ఎనిమిది పిన్నుల పవర్ వాల్వుకి కింద బేకలైట్ మొదలు ఉంటుంది. దాన్ని రెండు వైపులనుంచి పళ్లున్న రేకులు స్ప్రింగు బలంతో కరిచి పట్టుకుంటాయి. మెకానిక్కులు వీటిని బేర్ ట్రాప్ అంటారు, అంటే ఎలుగుబంటి ఉచ్చు. ఈఎల్84 అనే మరో పవర్ వాల్వుకి అలాంటి మొదలే లేదు, పిన్నులు నేరుగా గాజులోంచి వస్తాయి. కాబట్టి దాని నెత్తిమీద చిన్న టోపీ పెట్టి, రెండు పక్కలా స్ప్రింగులతో ఛాసిస్ వైపు లాగి ఉంచుతారు. ప్లాస్టిక్ టై, జిగురు, రబ్బరు బ్యాండు లాంటి సొంత తెలివితేటలు పవర్ వాల్వు దగ్గర వద్దు. కరిగి కంపు కొడతాయి.

గిటారు సిగ్నల్‌ని మొదట అందుకునే 12ఏఎక్స్7 వాల్వు చిన్నది, అంత వేడెక్కదు. దానికి అల్యూమినియం డబ్బా తొడిగి మెలితిప్పుతారు. డబ్బా లోపలి స్ప్రింగు వాల్వుని అదిమి పెడుతుంది, డబ్బా బయటి హమ్ముని, అంటే గుయ్యిమనే కరెంటు రొదని, అడ్డుకుంటుంది. ఈ వాల్వుకి ఇంకో జబ్బుంది. లోపల కరెంటుని అదుపుచేసే గ్రిడ్ తీగకీ, ఎలక్ట్రానులు వదిలే కాథోడ్‌కీ మధ్య ఎడం మిల్లీమీటరులో చిన్న వంతు. తీగ వణికితే కరెంటు కూడా వణుకుతుంది, అంటే వాల్వే మైకైపోతుంది. పెన్సిలుతో గాజు మీద మెల్లగా తడితే స్పీకర్లో టంగుమని వినిపిస్తుంది. సిలికాన్ రింగు తొడిగితే కాస్త తగ్గుతుంది, ముదిరితే వాల్వు మార్చాల్సిందే.

ఇక అసలు సంగతి. ఓ స్నేహితుడి ఆంప్ మూడో పాటకల్లా ఫ్యూజు ఎగరగొట్టేసేది. వాల్వులు కొత్తవి, క్లిప్పులు కొత్తవి, పట్టుకుని ఊపినా కదలడం లేదు. గది దీపాలార్పి వెనకనుంచి చూస్తే ఒక 6ఎల్6లో, ఎలక్ట్రానులు వచ్చి చేరే బూడిదరంగు ప్లేటు నిప్పుకణికలా ఎర్రబడుతోంది.

ఎనిమిది పిన్నుల పనీ ఒకటి కాదు. రెండోదో ఏడోదో వదులైతే ఫిలమెంటు, అంటే లోపల కాలే తీగ, ఆరిపోతుంది, శబ్దం నీరసిస్తుంది, అంతే. అయిదో పిన్ను కంట్రోల్ గ్రిడ్‌ది. ట్విన్ లాంటి ఆంపుల్లో దానికి సుమారు మైనస్ 50 వోల్టులు ఇస్తారు. కాలవ తూముకి తలుపులాంటిదది. ప్లేటు మీద 400 వోల్టులు దాటి లాగుతున్నా ఎలక్ట్రానులు అదుపులో ఉండేది ఆ మైనస్ వల్లే. అయిదో పిన్ను పట్టు తప్పితే తూము తలుపు కొట్టుకుపోయినట్టే. ప్లేటు కాలుతుంది, ఫ్యూజు పోతుంది.

స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, కెపాసిటర్లలో దాగిన చార్జి ఖాళీ చేశాక సాకెట్‌లోకి టార్చి వేశాం. ఈ మూడో పని మరిచిపోతే ఆపిన ఆంప్ కూడా మనిషిని చంపగలదు. ఏడు రంధ్రాల్లో రేకులు దగ్గరగా మూసుకుని ఉన్నాయి. అయిదో దాంట్లో మాత్రం బోసినోరులా తెరుచుకుని ఉంది. క్లిప్పు వాల్వు ఒంటిని గట్టిగానే పట్టుకుంది, కరెంటుని పట్టుకోవడం దాని పని కాదు. వదులు సాకెట్టుని అది పైకి కనపడనీయలేదు కూడా.

సూదిమొనతో రేకుని దగ్గరికి నొక్కి, వాల్వు గుచ్చాం. క్లిప్పు జోలికి పోకుండా పెట్టెని అటూ ఇటూ ఊపాం. వాల్వు అలాగే వేలాడుతూ ఉంది. అప్పుడు క్లిప్పు వేశాం.