చూరు మీదికి చిన్న డ్రోను

చిరంజీవులకు ఆశీస్సులు.

ఎగరేసి ఎగరేసి విసుగొచ్చి అటక మీద పడేసిన ఆ చవక డ్రోనుతో ఇంకేం చేయొచ్చు తాతయ్యా అని అడిగారు కదా. పనికొచ్చే పని ఒకటి చెబుతాను. ఇంటి చూరు వెంట వాన నీళ్లు పట్టడానికి గట్టర్ బిగిస్తారు చూడండి, దాని లోపల ఏముందో చూసి రమ్మని పంపండి.

కింద నిలబడి ఎంత మెడ సాచినా మనకు గట్టర్ అడుగే కనపడుతుంది. లోపల ఎండాకులు, పుల్లలు, దుమ్ము చేరి, తడిసి ముద్దకట్టి, కిందికి దిగే పైపు నోటికి అడ్డం పడతాయి. అప్పుడు వాన నీళ్లు పైపు దారి వదిలేసి గట్టర్ అంచు మీంచి పొర్లి గోడ వెంట కారతాయి. గోడ చెమ్మగిల్లుతుంది, రంగు పొక్కులు లేస్తుంది, చూరు చెక్క పుచ్చుతుంది, పునాది పక్క మట్టి నానుతుంది. ఇంట్లోవాళ్లు గోడకు మళ్లీ రంగు వేయిస్తారు గానీ పైనున్న ఆ గుప్పెడు ఆకుల సంగతి ఎవరికీ తట్టదు. పైగా నిలిచిన నీళ్లలో దోమ గుడ్లు పెట్టిందంటే వెచ్చటి రోజుల్లో వారం పది రోజులకే కొత్త దోమలు లేస్తాయి.

ఇదంతా చూడాలంటే పెద్దవాళ్లు నిచ్చెన వేసి, ఎక్కి, దిగి, నాలుగడుగులు జరిపి, మళ్లీ ఎక్కాలి. ఎక్కిన ప్రతిసారీ జారే ప్రమాదం ఉన్నదే. డ్రోనుకు చేతుల్లేవు, ఒక్క ఆకు కూడా తీయలేదు. అయితే నిచ్చెన ఎక్కడ వేయాలో, అసలు వేయాలో అక్కర్లేదో చెబుతుంది. దాన్నుంచి అంతకంటే ఎక్కువ ఆశించకండి. రెక్కల గాలితోనే ఆకులు ఊడ్చేయొచ్చని కొందరు సరదా పడతారు. పైపైన ఉన్న ఎండాకు ఎగురుతుందేమో గానీ, అడుగున ముద్దకట్టింది ఆ గాలికి చెక్కుచెదరదు.

ఇంకో మాట. ఒక్క అంతస్తు ఇల్లయితే డ్రోను కూడా దండగే. పొడుగాటి కర్రకు ఫోను గట్టిగా కట్టి, వీడియో ఆన్ చేసి, గట్టర్ వెంట నడిపించండి. డ్రోను కంటే బొమ్మ బాగా వస్తుంది. కర్ర అందని ఎత్తుకే ఈ హంగామా.

ఇక డ్రోను సంగతి. నాలుగు రెక్కల్లో రెండు గడియారం ముల్లు తిరిగినట్టు, రెండు దానికి ఎదురుగా తిరుగుతాయి. అన్నీ ఒకే వైపు తిరిగితే డ్రోను ఒళ్లు రెండోవైపు గిర్రున తిరిగిపోతుంది. ఒరిగితే సరిచేసుకోడానికి లోపల గైరోస్కోప్ ఉంటుంది. ఒకే ఎత్తులో నిలబడడానికి చాలావాటిలో గాలి ఒత్తిడి కొలిచే బారోమీటర్ ఉంటుంది. ఉన్నచోటే ఉండడానికి ఖరీదైనవి జీపీఎస్ వాడుకుంటాయి. చవకవాటిలో చాలామటుకు అది ఉండదు. కొన్నిటికి పొట్ట కింద చిన్న కెమెరా ఉండి, నేల మీది మచ్చలూ గీతలూ ఎటు జరుగుతున్నాయో చూసి తను ఎటు పోతోందో లెక్కేసుకుంటుంది.

మన పనికి చిక్కు వచ్చేది ఇక్కడే. గట్టర్ ఉండేదే కప్పు అంచున. ఒక క్షణం డ్రోను కింద నేల ఎక్కడో లోతున ఉంటుంది, మరుక్షణం కప్పు దగ్గరికి వచ్చేస్తుంది. ఆ లెక్క తారుమారై డ్రోను ఊగుతుంది, పక్కకు జారుతుంది. చెడిపోయిందనుకుని కంగారుపడి రిమోట్ మీది స్టిక్‌ని అటూ ఇటూ లాగారంటే గోడకు కొట్టుకోవడం ఖాయం. గట్టర్‌కు రెండు మీటర్లు ఎడం ఉంచితే ఆ జారుడుకు చోటుంటుంది. గోడకు తగిలిన గాలి కూడా పైకి లేచి అంచు దగ్గర సుడి తిరుగుతుంది కాబట్టి, కింద ఆకు కదలకపోయినా పైన ఈ తేలికపాటి డ్రోనుకు కుదుపు తప్పదు. చూరు కిందికి మాత్రం దూరనివ్వకండి. రెక్కలు పైనుంచి గాలి లాక్కుంటాయి కదా, నెత్తి మీద కప్పు అడ్డమైతే ఆ సందులో ఒత్తిడి తగ్గి డ్రోను పైకి లాగేసినట్టు వెళ్లి తగులుకుంటుంది.

ఎప్పుడు ఎగరేయాలంటారా? వాన వెలిసిన కొన్ని గంటలకు, గాలి పడిపోయాక. గట్టర్‌ను పైపు వైపు కొద్దిగా వాలుగా బిగిస్తారు, మామూలుగా 10 అడుగులకు పావు అంగుళం. ఆ వాలు సరిగా ఉండి, దారి తెరిచి ఉంటే అప్పటికి నీళ్లన్నీ దిగిపోవాలి. ఇంకా గట్టర్‌లో ఎక్కడైనా ఆకాశం నీడ తళతళా మెరుస్తూ కనపడిందా, అక్కడ నీళ్లు నిలిచాయి. పైపు నోటి దగ్గర నిలిస్తే అడ్డం పడిందని లెక్క. మధ్యలో ఎక్కడో నిలిస్తే కొక్కెం వదులై గట్టర్ కుంగిందేమో చూడాలి. మొదటిది చేత్తో తీసేస్తే పోతుంది. రెండోదానికి ఎంత శుభ్రం చేసినా లాభం లేదు, గట్టర్‌ని ఎత్తి మళ్లీ బిగించాలి. ఏటవాలు ఎండలో గట్టర్ సగం నల్లటి నీడలో ఉండిపోతుంది. నడినెత్తిన ఎండ గానీ పల్చటి మబ్బు గానీ ఉంటే లోపలంతా తెలుస్తుంది.

చవక డ్రోను కెమెరా చాలావాటిలో గాల్లో ఉండగా వంగదు. లేపకముందే చేత్తో సగం వాలు కిందికి తిప్పి పెట్టండి. డ్రోను తోక ఎప్పుడూ మీ వైపే ఉండాలి, ముక్కు మీ వైపు తిరిగితే కుడి ఎడమలు తారుమారవుతాయి. ఒకళ్లు నడపండి, ఇంకొకళ్లు డ్రోను మీంచి చూపు తిప్పకుండా తీగలు, కొమ్మలు, కాకులు కనిపెట్టండి. పెద్దవాళ్లు ఒకరు పక్కనుండాలి. ఫోనులో చూస్తూ నడపొద్దు. వైఫై మీద వచ్చే బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది, తెరలో గోడ కనపడేసరికి డ్రోను గోడను తాకి ఉంటుంది. మెమరీ కార్డు పెట్టుకునే వీలుంటే అందులోనే రికార్డు చేయండి, బొమ్మ తేటగా ఉంటుంది. బ్యాటరీ వచ్చేది కొద్ది నిమిషాలే, ఒక బ్యాటరీకి ఒక వైపు గోడ చాలు. లైటు మిణుకుమనగానే దించేయండి. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ ఛార్జింగ్ పెట్టనే పెట్టకండి.

పొరుగువాళ్లకు ముందే ఒక మాట చెప్పండి, కెమెరా మన కప్పు దాటి పోకూడదు. చాలా దేశాల డ్రోను నిబంధనల్లో 250 గ్రాముల బరువు ఒక హద్దు. మీదెంత తూగుతుందో, మీరున్నచోట ఎగరేయనిస్తారో లేదో అమ్మనో నాన్ననో చూడమనండి.

వీడియో తెచ్చాక అసలు పని మొదలవుతుంది. పెద్ద తెర మీద పెట్టి, ఆపి ఆపి చూడండి. గట్టర్‌లో రెండాకుల మొక్క నిలబడిందంటే వేరూనేంత మట్టి చేరిందన్నమాట. బయటి అంచు కింద నల్లటి చారలుంటే నీళ్లు అక్కడ పొర్లుతున్నాయి. అతుకు దగ్గర సన్నటి చీలిక, సగం ఊడిన మేకు, ఇవి కదిలే బొమ్మలో తప్పిపోతాయి, ఆపితేనే దొరుకుతాయి. పక్షిగూడు కనపడితే మాత్రం దగ్గరికి పోకుండా వెనక్కి తెచ్చేయండి. పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ వైపు పని ఆగాల్సిందే.

దొరికినవన్నీ కాగితం మీద ఇంటి నక్షా గీసి గుర్తులు పెట్టి పెద్దవాళ్లకివ్వండి. నిచ్చెన ఎక్కేది వాళ్లే, మీరు కాదు. నిచ్చెన ఆనిన ఎత్తులో నాలుగో వంతు దూరంలో దాని కాళ్లు ఉండాలని వాళ్లకూ గుర్తుచేయండి. శుభ్రం అయ్యాక పైపుకు దూరంగా ఉన్న కొసన నీళ్లు పోయమని, మీరు కింద పైపు దగ్గర నిలబడి ధార ఎలా వస్తోందో చూడండి. సన్నగా వస్తే పైపులోపల ఇంకా ఏదో ఇరుక్కుంది. అది డ్రోనుకు కనపడదు, పైపు విప్పాల్సిందే.

మొదటి వీడియో తీశాక నాకూ పంపండి, కలిసి చూద్దాం.

మీ తాతయ్య